ప్రథమ బహుమతి పొందిన గొయ్యి

నాగులగెడ్డ పురపాలక సంఘంలో నేను వర్క్ ఇన్‌స్పెక్టర్‌ని. పేరు సన్యాసినాయుడు. పద్దెనిమిదేళ్ల సర్వీసులో నేను తీసిన ఫొటోలన్నీ వరసగా గోడకి అంటిస్తే, చూసినవాడు జన్మలో మళ్లీ కెమెరా జోలికి పోడు. మా దగ్గర ఏ పని చేసినా మూడు ఫొటోలు ఉండాలి. పనికి ముందు ఒకటి, పని జరుగుతుండగా ఒకటి, పూర్తయ్యాక ఒకటి. పూడిక ఉన్న కాలువ, కాలువలో పార పట్టుకున్న మనిషి, పూడిక లేని కాలువ. ఇందులో కళ ఏమీ లేదు. ఉండాలని ఎవరూ అనుకోలేదు కూడా.

చివరికి ఒకాయన అనుకున్నారు. రాజధానిలో ఏదో సమీక్షా సమావేశంలో ఒక పెద్ద అధికారి తెర మీద నాలుగు వందల కాలువ ఫొటోలు వరసగా చూసి, తల పట్టుకుని, "మన పనుల్లో సౌందర్యం ఎందుకు లోపించింది?" అన్నారట. పక్కనున్నవాళ్లు ఒక తలనొప్పి మాత్ర ఇచ్చి ఉంటే సరిపోయేది. వాళ్లు కమిటీ వేశారు. కమిటీ నుంచి మాకు సర్క్యులర్ వచ్చింది.

"క్షేత్ర సిబ్బంది అప్‌లోడ్ చేయు ఛాయాచిత్రములు నిర్జీవముగా ఉన్నట్లు గమనించడమైనది. ఇకపై ప్రతి చిత్రమునకు యంత్రము ద్వారా నూటికి మార్కులు వేయబడును. అరవై రాని చిత్రములు తిరస్కరింపబడును. మూడుసార్లు తిరస్కరింపబడినచో, సమస్య లేనట్లుగా భావించి సదరు ఫైలు మూసివేయబడును."

మా కమిషనర్ మార్తాండరావు గారు దీన్ని నిలబడి చదివారు. ఆయన ఏ సర్క్యులర్నయినా నిలబడే చదువుతారు. చదివాక కళ్లద్దాలు తీసి, "ఇది కేవలం ఉత్తర్వు కాదు, ఇదొక దార్శనికత" అన్నారు. పోయిన ఏడాది ఆఫీసు గోడలకి ఊదారంగు వేయమన్న ఉత్తర్వును కూడా ఆయన దార్శనికతే అన్నారు. ఆ ఊదారంగు తొలి వానకే మా నెత్తిన కారింది.

శిక్షణ కోసం కల్యాణమండపం మూడు రోజులు తీసుకున్నారు. ఇంజినీర్లు, శానిటరీ ఇన్‌స్పెక్టర్లు, కుళాయిలు తిప్పేవాళ్లు, దోమలమందు కొట్టేవాళ్లు, అందరం పెళ్లికొచ్చినవాళ్లలా వరసగా కూర్చున్నాం. శిక్షకుడి పేరు చైత్రవర్ధన్. జుట్టు వెనక్కి ముడేసుకున్న మనిషి. రెండు చేతుల బొటనవేళ్లూ చూపుడువేళ్లూ కలిపి చట్రంలా పెట్టి, అందులోంచి మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసి జాలిపడ్డాడు.

"మీరు డ్రైనేజీని చూస్తున్నారు, కానీ అనుభవించడం లేదు" అన్నాడు.

మా శానిటరీ ఇన్‌స్పెక్టర్ అప్పలసూరి ముక్కు మూసుకున్నాడు. ఇరవై ఏళ్లుగా అతను అనుభవిస్తున్నది అదొక్కటే.

పాఠాలు నేర్చుకున్నాం. తీసే వస్తువుని ఫొటో మధ్యలో పెట్టకూడదు, ఓ పక్కకి జరపాలి. నిలబడి తీయకూడదు, పడుకుని తీయాలి. అనవసరమైనవి చట్రంలోంచి తీసేయాలి. ఖాళీ వదలాలి. మనిషి ఉండాలి, మనిషిలో కదలిక ఉండాలి. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు మాత్రం ఫొటో తీయడం మహాపాపం. తెల్లవారుజామున కాసేపు, పొద్దుగూకే వేళ కాసేపు వెలుగు బంగారంలా ఉంటుంది, అప్పుడే తీయాలి. నిజం చెప్పొద్దూ, ఆ మనిషికి పని తెలుసు. అతను చూపించిన ఫొటోలు బాగున్నాయి. బుద్ధి లేనిది అతనికి కాదు, అతన్ని మా కాలువల మీదికి తోలినవాళ్లకి.

శిక్షణ ఫలితాలు వారంలో కనబడ్డాయి. ఎండ పనికిరాదు కనుక ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా సిబ్బంది ఎవరూ వీధుల్లోకి పోరాదని కమిషనర్ గారు ఆదేశం ఇచ్చారు. ఈ ఒక్క ఆదేశాన్నీ మా ఆఫీసులో అందరూ తు.చ. తప్పకుండా పాటించారు. అసిస్టెంట్ ఇంజినీర్ గారు మార్కెట్ వీధిలో బోర్లా పడుకుని పగిలిన పైపుని తీస్తుంటే, మూర్ఛ వచ్చిందనుకుని జనం చేతిలో తాళాలు పెట్టారు. అప్పలసూరి పొద్దుటి పొగమంచులో చెత్తకుప్ప మీద పందుల్ని తీసి ఎనభై ఎనిమిది మార్కులు తెచ్చుకున్నాడు. ఆ తరవాత ఆ కుప్ప ఎత్తనివ్వలేదు.

"అది నా పోర్ట్‌ఫోలియో" అన్నాడు. ఆ మాట వాడు మూడు రోజుల కిందటే నేర్చుకున్నాడు.

ఇదంతా నవ్వుకోడానికి బాగానే ఉంది. అసిరమ్మ ఆఫీసు మెట్లెక్కేదాకా నేనూ నవ్వాను.

అసిరమ్మది సంతతోట కాలనీ. ఇస్త్రీ బండి నడుపుతుంది. కాలనీకీ అపార్ట్‌మెంట్లకీ మధ్య నాలుగడుగుల వెడల్పు కాలువ ఉంది. దాని మీదున్న సిమెంటు పలక విరిగి కాలువలో పడి, ఆ చోట గొయ్యి మిగిలింది. అంతకుముందు రోజూ పొద్దున్నే బండి తోసుకుంటూ పలక మీదుగా వెళ్లి, అపార్ట్‌మెంట్ల గేటు దగ్గర పెట్టుకునేది. పలక పోయాక బండి ఇవతలే ఉండిపోయింది. బట్టల మూటలు నెత్తిన పెట్టుకుని, కాలువ ఒడ్డు నుంచి ఒడ్డుకి దూకి, ఇస్త్రీ చేసి, మళ్లీ దూకి ఇచ్చి వస్తోంది. యాభై దాటిన మనిషి.

"మూడు మాట్లు ఫొటో ఎట్టినాం బావూ. మా అల్లుడు ఫోనులోంచి. మూడు మాట్లూ ఎనక్కి కొట్టీసినారు" అంది.

చూశాను. మొదటిదానికి ఏడు మార్కులు. కారణం కింద రాసి ఉంది: "గొయ్యి ఫ్రేమ్ మధ్యలో ఉన్నది." రెండోదానికి, "గొయ్యి తప్ప వేరేమియు లేదు." మూడోదానికి, "భావోద్వేగ లోపము." ఆ కింద ఎర్రటి అక్షరాల్లో ఫైలు మూసివేయడమైనది అని ఉంది. అంటే మా లెక్కలో ఆ గొయ్యి లేదు.

"గొయ్యి నేదంతన్నారు. మరి నాను రోజూ దేన్ని దూకుతన్నాను?"

కొత్త ఫిర్యాదు నా పేరున పెడతానని, సాయంత్రం ఐదున్నరకి మూటతో సహా కాలువ దగ్గరికి రమ్మని చెప్పాను.

ఆ సాయంత్రం నేను చేసిన పని చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్తాను. కాలువ గట్టున బోర్లా పడుకున్నాను. ఎదురుగా సూర్యుడు దిగుతున్నాడు. అసిరమ్మని మూటతో దూకమన్నాను. దూకింది. చెయ్యి అడ్డం వచ్చింది. మళ్లీ దూకమన్నాను. చీరకుచ్చిళ్లు సరిగా ఎగరలేదు. ఏడుసార్లు దూకించాను. నాలుగోసారికే ఆమెకి ఆయాసం వచ్చింది.

"ఇలాగైతే పలకేస్తారా బావూ?" అని అడిగింది.

"తప్పకుండా" అన్నాను.

"అయితే ఇంకో మాటు దూకుతాను."

ఏడోసారి ఫొటో కుదిరింది. కింద నల్లటి గొయ్యి, పైన నారింజరంగు ఆకాశం, మధ్యలో గాలిలో అసిరమ్మ, నెత్తిన మూట, వెనక్కి ఎగిరిన కొంగు. తొంభై ఒక్క మార్కులు వచ్చాయి. అబద్ధం ఎందుకు, నా గుండె ఉప్పొంగింది. పద్దెనిమిదేళ్లలో నన్ను ఎవరూ మెచ్చుకోలేదు. ఆ రోజు ఒక యంత్రం మెచ్చుకుంది.

ఆ కమిటీయే ఈ ఫొటోలకి పోటీ కూడా పెట్టింది. అందులో 'పనికి ముందు' విభాగంలో ఆ ఫొటోకి రాష్ట్రంలో ప్రథమ బహుమతి వచ్చింది. కమిషనర్ గారు శాలువా కప్పించుకుని వచ్చారు. శాలువా ఆయనకి, నాకు సర్టిఫికెట్ నకలు. అసిరమ్మకి ఏమీ రాలేదు కానీ, బహుమతి పుణ్యమా అని వారంలోగా పలక మాత్రం వేశారు. బూడిదరంగు సిమెంటు పలక, గట్టిది. మర్నాడు పొద్దున్నే ఆమె బండి తోసుకుంటూ దాని మీదుగా అపార్ట్‌మెంట్ల గేటు దగ్గరికి వెళ్లింది. వెళ్తూ నాకు ఫోన్ చేసి మరీ చెప్పింది.

కథ ఇక్కడితో ఆగిపోతే బాగుండేది. కానీ మూడో ఫొటో ఉందిగా, 'పని పూర్తయ్యాక'.

తీశాను. పొద్దున తీశాను, సాయంత్రం తీశాను, పడుకుని తీశాను, గోడెక్కి తీశాను. కాలువ మీద పలక ఎలా తీసినా కాలువ మీద పలకే. అందరూ మామూలుగా నడిచి పోతున్నారు, ఎవరూ ఎగరడం లేదు. పద్నాలుగు మార్కులు వచ్చాయి.

రాజధాని నుంచి తాఖీదు వచ్చింది. కమిషనర్ గారు నన్ను పిలిచి, ఈసారి కూర్చునే చదివారు.

"సదరు ప్రదేశము పనికి ముందు తొంభై ఒకటి, పని అనంతరము పద్నాలుగు. అనగా పని వలన సదరు ప్రదేశము డెబ్బై ఏడు మార్కుల మేర క్షీణించినది. ఈ క్షీణతకు బాధ్యులెవరో వివరణ ఇవ్వవలెను."

"సార్, గొయ్యి పూడితే ఫొటో బాగుండదు సార్. గొయ్యి ఉంటేనే కదా మనిషి దూకేది" అన్నాను.

"అదే నేనూ అంటున్నాను" అన్నారు ఆయన.

నేను ఏమన్నానో, ఆయన ఏమని అర్థం చేసుకున్నారో అప్పుడు తెలిసింది. ఆయన కలం తీసి ఫైలు మీద రాశారు: "పూర్వస్థితిని పునరుద్ధరించవలెను."

"సార్, ఆవిడ పడిపోతుంది సార్."

"మిస్టర్ సన్యాసినాయుడు, ఇన్నాళ్లూ పడిందా? పడలేదు. ఎందుకు పడలేదు? ఆవిడలో లయ ఉంది. ఆ లయను మనం సిమెంటు పోసి చంపేశాం. పైగా వచ్చే నెల రాష్ట్ర న్యాయనిర్ణేతల బృందం ఆ ప్రదేశాన్ని ప్రత్యక్షంగా దర్శించడానికి వస్తోంది. ఏం చూపిస్తారు, పలకనా?"

మర్నాడు పొద్దున ఆరింటికి క్రేన్ వచ్చి పలక ఎత్తి మునిసిపల్ గోదాముకి తీసుకుపోయింది. వెలుగు బాగుందని ఆ ఫొటో కూడా తీశారు, డెబ్బై రెండు. గొయ్యి పక్కన నల్లరాతి ఫలకం ఒకటి నిలబెట్టారు. ఆరడుగుల పొడవు, నాలుగంగుళాల మందం. ఒకవైపు అద్దంలా నునుపు చేసి, బంగారు అక్షరాలు చెక్కించారు. రాష్ట్రస్థాయి ప్రథమ బహుమతి పొందిన ప్రదేశము. ఆ కింద కమిషనర్ గారి పేరు, ఇంజినీర్ల పేర్లు, అన్నిటికన్నా కింద చిన్న అక్షరాల్లో: ఛాయాచిత్రకారుడు సన్యాసినాయుడు. దూకిన మనిషి పేరు పెట్టడానికి చోటు చాలలేదన్నారు. ఖాళీ వదలాలని పాఠం కదా.

ఆవిష్కరణ నాడు అసిరమ్మ బండి పట్టుకుని ఇవతల ఒడ్డున నిలబడింది. ఎవరూ ఆమెని పలకరించలేదు. నేను మొహం తిప్పుకున్నాను.

ఐదో రోజు ఆమె పడింది. వాన జల్లుకి ఒడ్డు జారింది, మూట అటు పోయింది, ఆమె ఇటు పోయింది. కుడి మణికట్టు విరిగింది. ఇస్త్రీ పెట్టె పట్టే చెయ్యి. ఆస్పత్రికి వెళ్లి చూశాను. కట్టు కట్టిన చెయ్యి పొట్ట మీద పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చుంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఏడు మాట్లు దూకినాను కదా బావూ, నువ్వు సెప్పినావని" అంది. అంతే అంది.

ఆఫీసుకొచ్చి కమిషనర్ గారికి చెప్పాను. ఆయన నిజంగానే బాధపడ్డారు. కాసేపు కిటికీలోంచి బయటికి చూశారు.

"పడే క్షణంలో మనవాళ్లెవరూ అక్కడ లేరా?" అన్నారు.

"లేరు సార్. మధ్యాహ్నం."

"అయ్యో. ఎంత పోగొట్టుకున్నాం!"

నాకు ఆ మనిషిని కాలర్ పట్టుకుని అదే గొయ్యి దాకా ఈడ్చుకుపోవాలనిపించింది. ఏమీ చేయలేదు. "అవును సార్" అని బయటికొచ్చాను. నా పద్దెనిమిదేళ్ల సర్వీసు ఆ రెండు మాటల్లోనే ఉంది.

కాలనీవాళ్లు మాత్రం ఊరుకోలేదు. మిట్టమధ్యాహ్నం పూట మా సిబ్బంది ఒక్కడూ వీధిలో ఉండడని ఊరంతటికీ తెలుసు. ఒక గురువారం మధ్యాహ్నం పదిమంది కలిసి గునపాలు తెచ్చుకున్నారు. పలక గోదాములో ఉంది, దొరకదు. కళ్లెదురుగా నల్లరాతి ఫలకం ఉంది. దాన్ని పెకలించి, కింద రెండు ఇనప దూలాలు అడ్డం పెట్టి, కాలువ మీద పరిచేశారు. సరిగ్గా సరిపోయింది. కమిషనర్ గారి హయాంలో కొలతలు సరిపోయిన పని అదొక్కటే.

న్యాయనిర్ణేతలు రావడానికి మూడు రోజుల ముందు ఈ సంగతి బయటపడింది. కమిషనర్ గారు కుర్చీలోంచి లేచి మళ్లీ కూర్చున్నారు.

"ఇది అనధికార పరిష్కారం!" అన్నారు. "అనుమతి లేకుండా సమస్యను తొలగించడం! ఎవరు దీనికి మూలం?"

"ఇస్త్రీ బండి అసిరమ్మ కోసమే వేశారంటున్నారు సార్" అన్నాడు అప్పలసూరి. వాడి నోట్లో నువ్వుగింజ నానదు.

"ఆవిడ మీద కేసు పెట్టండి. ప్రభుత్వ ఫలక ధ్వంసం, బహుమతి ప్రదేశ వికృతీకరణ. కాలనీలో వ్యాపార అనుమతి రద్దు. బండి స్వాధీనం. మిస్టర్ సన్యాసినాయుడు, మీరు మన ఉత్తమ ఛాయాచిత్రకారులు. సాక్ష్యంగా బలమైన ఫొటో తీసుకురండి. ఆ విధ్వంసం చూసి జనం కన్నీళ్లు పెట్టాలి."

బండి పోతే అసిరమ్మకి ఇంకేమీ లేదు. చెయ్యి విరిగిన మనిషికి ఇంకో పని ఎవరిస్తారు? ఆ సాయంత్రం ఐదున్నరకి నేను వెళ్లలేదు. మర్నాడు తెల్లవారుజామునా వెళ్లలేదు. ఎండ నడినెత్తిన పేలిపోతుండగా పన్నెండున్నరకి వెళ్లాను.

అసిరమ్మ నన్ను చూసి ఎడమ చేత్తో కొంగు బిగించుకుంది.

"ఈ పాలి కూడా ఎగరాలేటి బావూ?"

"వద్దు. ఆ రాయి మీద నిలబడు. కదలకు."

చైత్రవర్ధన్ మూడు రోజులు నేర్పిన పాఠాలన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుని, అన్నిటినీ తలకిందులు చేశాను. బోర్లా పడుకోలేదు, నిటారుగా నిలబడ్డాను. మనిషిని ఓ పక్కకి జరపలేదు, నట్టనడుమ నిలబెట్టాను. వెనకాల కరెంటు స్తంభం ఉంటే అది సరిగ్గా ఆమె నెత్తిలోంచి మొలిచినట్టు చూసుకున్నాను. ఓ పక్క ఆరేసిన లుంగీ, ఇంకో పక్క సగం గేదె పడేలా కూడా చూశాను. కింద నా నీడ కూడా పడింది. మంచి ఫొటో తీయడం నేర్చుకుంటే గానీ ఇంత చెడ్డ ఫొటో తీయడం కుదరదు.

మొదటిదానికి తొమ్మిది మార్కులు వచ్చాయి. రెండోదానికి ఏడు. మూడోసారి ఆమెని పాస్‌పోర్టు ఫొటోకి నిలబడినట్టు చేతులు కిందకి దించమన్నాను. ఆరు. రాష్ట్రంలో అంతకన్నా తక్కువ ఎవరికీ రాలేదట. అరగంటలో ఎర్రటి అక్షరాలు వచ్చాయి. మూడుసార్లు తిరస్కరింపబడినందున, సమస్య లేనట్లుగా భావించి సదరు ఫైలు మూసివేయడమైనది.

సాక్ష్యం లేక అసిరమ్మ మీద కేసూ దాంతోనే మూతపడింది. గొయ్యి పూడినట్టు ఇప్పుడు మా రికార్డులో లేదు. తొంభై ఒక్క మార్కులతో అది అలాగే ఉంది. న్యాయనిర్ణేతల బృందానికి దారిలో అప్పలసూరి చెత్తకుప్ప కనబడిందట, అక్కడే ఆగిపోయారు. నాకు మాత్రం మెమో ఇచ్చారు. దృశ్య సామర్థ్యం హఠాత్తుగా క్షీణించినందున మళ్లీ మొదటి రోజు నుంచి శిక్షణకు హాజరు కావలెను. వెళ్తాను, అక్కడ భోజనం బాగుంటుంది.

ఆ మధ్యాహ్నం మూడో ఫొటో తీశాక అసిరమ్మ ఫోను అడిగి తీసుకుంది. ఎండకి తెర కనబడక, కొంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇది నాకు ఒకటి కాగితం మీద తీసిస్తావా?" అంది.

"ఇదెందుకు? నువ్వు దూకుతున్నది ఇస్తాను. ప్రైజొచ్చింది."

"అందులో నానేటో గాల్లో ఉన్నాను బావూ. కాలెక్కడ ఎట్టాలో కనబడనేదు. ఇందులో రాయి కనబడతంది."

కాళ్ల కింది రాయిని చూశాను. మీదికి గరుకు వైపు ఉంది, బంగారు అక్షరాలు కనబడలేదు.

"పేర్లున్న వైపు ఏదీ?"

"కిందకి తిప్పీసినాం. ఆ పక్క నున్నగుంది, కాలు జారిపోద్ది."

అని, ఎడమ చేత్తో బండి పట్టుకుంది. నేను కుడివైపు పట్టాను. ఇద్దరం తోశాం. బండి కమిషనర్ గారి పేరు మీదుగా, ఇంజినీర్ల పేర్ల మీదుగా, చివర్న నా పేరు మీదుగా అవతలి ఒడ్డుకి చేరింది.